నర్సు బొమ్మ మీద ఎర్రగీత

గ్రేటర్ నోయిడా కాలేజీలో మాకు సాఫ్ట్‌వేర్ డిజైన్ చెప్పిన సారు తెలుగాయనే అయినా, ఆయనంటే నాకిప్పటికీ ఒళ్లుమంట. మేం గీసింది చూడకముందే ఎర్రపెన్ను మూత తీసేవాడు.

ఓసారి ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌కు యూజ్ కేస్ డయాగ్రమ్ గీయమన్నాడు. దాన్ని ఎవరెవరు ఏ పనికి వాడతారో చూపించే బొమ్మ అది. డాక్టరు పక్కన నేను గీసిన నర్సును అడ్డంగా కొట్టేశాడు.

"నర్సుకి సిస్టమ్‌తో పనేంటమ్మా? డాక్టర్ చెప్పింది చేస్తుంది, బస్."

"మా అమ్మ నర్సే సార్. ఏ మందు ఎప్పుడిచ్చిందో రోజూ కంప్యూటర్లో తనే ఎక్కిస్తుంది."

"అచ్ఛా! అయితే మార్కులు కూడా అమ్మనే వెయ్యమను."

క్లాసంతా నవ్వింది. ఆయన ముందే నర్సును మళ్లీ గీశాను. సున్నా వేశాడు.

సున్నా ఎందుకొచ్చిందని అమ్మ అడిగితే, సరిగా చదవలేదన్నాను. నాచేత ఆమెకు ఆ అబద్ధం చెప్పించినందుకు ఆయన్ని నేను క్షమించలేదు.