ఎలుగుబంటి పెంట, ఏడు డబ్బాలు

తాతయ్య అడవి కాపలాదారు. పరిశోధన చేసే అమ్మాయి అడిగిన పాపానికి, ఆరేళ్లపాటు ప్రతి ఉదయం ఒకే దారిలో నడిచి, ఎలుగుబంటి పెంట కనబడితే డబ్బాలో వేసి తెచ్చి మేడమీద ఎండబెట్టేవాడు. దాన్నిబట్టి ఆ అమ్మాయి ఎలుగులు ఏం తింటున్నాయో, ఎటు తిరుగుతున్నాయో తేల్చేది.

"నా నగలైనా ఇంత భద్రంగా దాచావా?" అని నానమ్మ ముక్కు మూసుకుని సాధించేది.

ఒక కంపెనీ ఆ దారిలోనే రోడ్డు వేస్తామంది, అక్కడ ఎలుగులే లేవంది. విచారణకు తాతయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఏడు డబ్బాలూ, రోజూ రాసుకున్న, పేజీకి నాలుగు తప్పులున్న నోటుపుస్తకమూ మోసుకెళ్లాడు.

విచారణ జరిపే అధికారి పేజీలు తిప్పాడు. "సగం రోజులు 'ఏమీ లేదు' అని రాశావేంటి, పెద్దాయనా?"

తాతయ్యకు చెమటలు పట్టాయి. "ఎలుగు వెయ్యనిది నేనెక్కణ్ణుంచి తెచ్చేది, బాబూ?"

గదంతా గొల్లున నవ్వింది. అధికారి మాత్రం కంపెనీవాళ్ల వైపు తిరిగాడు.

"సగం రోజులు లేదని రాసిన మనిషి, మిగతా రోజులు ఉందని అబద్ధం ఎందుకు రాస్తాడు? రోడ్డు అడవి చుట్టూ తిప్పుకోండి."

తాతయ్యకు ఆ మాట తలకెక్కలేదు. పక్కనే ఉన్న పరిశోధన అమ్మాయి తన చెయ్యి పట్టుకుని, "గెలిచాం, బాబాయ్" అన్నాకే, కుర్చీలో కూలబడ్డాడు.