వరస కలిపింది నేనే

మా సంస్థలో కొత్తగా చేరే వాలంటీర్లకు ఇచ్చే శిక్షణలో ఒక కథ చెబుతాం. కథ అంటే నిజంగా జరిగిందే. సముద్రపొడ్డు ఊళ్లో ఒక పిల్ల తనకు ఎదురైన ఇబ్బంది గురించి సమయానికి ఎవరికీ చెప్పలేదు, దానివల్ల చదువు పోగొట్టుకుంది, కాబట్టి నోరు విప్పి చెప్పడం పిల్లలకు నేర్పాలి. ఇదీ ఆ కథ. చాలాకాలం దాన్ని చెప్పినవాణ్ణి నేనే. అందులో ఒక మాట అబద్ధం. ఆ పిల్ల చెప్పింది. నాకే చెప్పింది. ఆ మాట దిద్దడానికే ఇది రాస్తున్నాను.

మాది గజపతినగరం దగ్గర వరి, నువ్వులు పండించుకునే కుటుంబం. సముద్రంతో నాకు ఏ సంబంధమూ లేదు. సంస్థ నన్ను భోగాపురం వైపు ఒక మత్స్యకారుల ఊరికి పంపినప్పుడు అక్కడ సాయంత్రం బడి పెట్టడం నా పని. మగవాళ్లు వేటకు పోతారు. ఆడవాళ్లు చేపల తట్టలతో ఆటోలెక్కి విజయనగరం మార్కెట్టుకు వెళ్లి ఎప్పటికో వస్తారు. బడి విడిచాక పిల్లలకు ఇంట్లో ఎవరూ ఉండరు. తుఫాను షెల్టరు మేడ మీద గది ఖాళీగా ఉంటే అడిగి తీసుకున్నాం. చాపలు పరిచాం, ట్యూబులైట్లు పెట్టించాం, ఉడికించిన శనగలు పెట్టేవాళ్లం.

మొదట్లో పిల్లలు మమ్మల్ని ‘సార్’ అని పిలిచేవాళ్లు, పిలిచి గోడవారకు పోయి ముడుచుకునేవాళ్లు. సార్ అంటే వాళ్లకు బెత్తం. అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. మా వైపు బస్సులో పక్కన కూర్చున్నవాడితో కూడా కాసేపట్లో ఏదో ఒక వరస కలుపుకుంటాం. ఇక్కడా అదే చేద్దామనుకున్నాను. ఆడ వాలంటీర్లు అత్తలయ్యారు. నేను పెద్దమావనయ్యాను. నాతో పనిచేసే కుర్రాడు చిన్నమావ అయ్యాడు. వారం తిరక్కుండా గది గోలగోలయింది. పిల్లలు వీపులెక్కేవాళ్లు. ఆ ఊరితో కలిసిపోయానని నాకు గర్వంగా ఉండేది.

మావ వరస అంటే ఏమిటో మా ప్రాంతంలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. మావ మేనకోడల్ని ఆటపట్టించవచ్చు. ‘పెళ్లామా’ అని పిలవవచ్చు. ఎవరూ తప్పుపట్టరు. మా చిన్న మేనమామ ఇంటికొచ్చినప్పుడల్లా మా అక్కను అలాగే పిలిచేవాడు. పెద్దవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు, మేమూ నవ్వేవాళ్లం. అక్క ఏడ్చేది. ఏడ్చేదన్న సంగతి నాకు ఈమధ్యే గుర్తొచ్చింది.

పిల్లల రక్షణ నియమాల గురించి చెప్పడానికి సంస్థ పెద్దాఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. పెద్దవాళ్లెవరూ పిల్లలతో ఒంటరిగా ఉండకూడదు, ఒక్క పిల్లనే బండి మీద ఎక్కించుకోకూడదు, పిల్లలు వాలంటీర్లను బంధుత్వంతో పిలవకూడదు. ఆవిడ ఇంగ్లిషులో చెబుతుంటే నేను తెలుగులో మావాళ్లకు చెప్పాను. చివరి దాని దగ్గరకొచ్చేసరికి, “ఇది మన దగ్గర కుదరదర్రా, వరస తీసేస్తే పిల్లలు మళ్లీ గోడవారకు పోతారు” అన్నాను. మావాళ్లు నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారని ఆవిడ అడిగితే ఏదో సర్దిచెప్పాను. బండి నియమాన్నీ అలాగే దాటేశాను. షెల్టరు నుంచి చివరి వీధి దూరం, చీకటి పడితే దారిలో పాములు. చిన్నమావ తన బండి మీద పిల్లల్ని దింపడం సాయమే కదా అనుకున్నాను.

ఆ కుర్రాడు పక్క ఊరివాడే, డిగ్రీ చదివాడు. ఎక్కాలకు బాణీ కట్టి పాడించేవాడు, ఇసుకలో కబడ్డీ ఆడించేవాడు. పిల్లలకు వాడంటే ప్రాణం. నాకూ ఇష్టమే.

ఆ పిల్ల ఎనిమిదో తరగతి. వాళ్ల వీధిలో అంతవరకూ చదివిన మొదటి ఆడపిల్ల. లెక్క చెయ్యమంటే చేసేసి, పక్కవాళ్లు ఎక్కడ తప్పారో చూసేది. ఇంటరు విజయనగరంలో చదువుతానని ఎవరూ అడక్కపోయినా చెప్పేది.

ఒక సాయంత్రం చాపలు చుడుతూ నా దగ్గరికి వచ్చింది. చుట్టూ ఇంకా కొందరు పిల్లలున్నారు.

“పెద్దమావా, సిన్నమావకి ఓ మాట సెప్పవా?”

“ఏటే?”

“నన్ను పెళ్లామా పెళ్లామా అనొద్దని సెప్పు.”

నాకు నవ్వొచ్చింది. “వరసైనోడు ఆడతాడే. దానికంత రోషమేటి?”

“ఆడితే ఆడనీ. అందర్నీ దించీసినాక నన్ను ఆకర్ని దించుతన్నాడు. నానింక ఆ బండెక్కను.”

నేను ఆగవలసింది అక్కడ. ఆ పిల్ల అడగవలసింది అడిగింది, చెప్పవలసింది చెప్పింది. నేను మిగతా పిల్లల వైపు తిరిగి, “ఓలమ్మా, పెళ్లాం అలిగింది సూడండర్రా! మావని పిలిచి పసుపుతాడు కట్టించీమంటారేటి?” అన్నాను. అందరూ విరగబడి నవ్వారు. మెట్ల మీద చెప్పులేసుకుంటున్న ఆ కుర్రాడూ నవ్వాడు. ఆ పిల్ల నవ్వలేదు. చుట్టిన చాపను గోడకు నిలబెట్టి, అది పడిపోకుండా చేత్తో కాసేపు పట్టుకుని, కిందికి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి పిల్లలందరూ ఆమెను ‘సిన్నమావ పెళ్లాం’ అనడం మొదలుపెట్టారు. బళ్లోనూ అదే పేరు. కొన్నాళ్లకు సాయంత్రం బడికి రావడం మానేసింది. తర్వాత అసలు బడే మానేసింది. వాళ్లింట్లో ఏదో పని పడి ఉంటుందనుకున్నాను.

అప్పుడు వాళ్లమ్మ వచ్చింది. మార్కెట్టు నుంచి నేరుగా వచ్చినట్టుంది, ఖాళీ తట్ట చంకలోనే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“బావూ, ఆ గుంటడు నీకేటవుతాడు?”

“ఏమీ కాడమ్మా. ఇక్కడ చదువు చెబుతాడు.”

“మరి మాకేటవుతాడు?”

నేను మళ్లీ చాప చూపించాను.

“మావంటన్నారు గదా. ఏ వరసన మావ? నా తోడబుట్టినోడా? నాకు అన్నదమ్ములున్నారు బావూ. ఆల్లు నా కూతురితో ఎకసెక్కాలాడితే సీపురట్టుకుని ఆలింటికెల్తాను. ఆల పెళ్లాలకి సెప్తాను, మాయమ్మకి సెప్తాను. ఈడింటికి ఎలగెల్లీది? ఈడి తల్లెవులు? నానెవుల్నడగాల?”

అప్పుడు అసలు జరిగిందేమిటో చెప్పింది. ఒకరోజు వాన పడుతుంటే వాడు బండెక్కమన్నాడు. అందరినీ దించేసి, ఆఖర్న సరుగుడు తోటల దారి పట్టాడు. అక్కడ బండి ఆపి చెయ్యి పట్టుకున్నాడు. పిల్ల ఆ చెయ్యి కొరికి పారిపోయింది.

“సెప్పులక్కడే ఒదిలీసి పరిగెట్టుకొచ్చీసినాది. కాళ్లనిండా ముళ్లు. ఎక్కనన్నదానివి ఎందుకెక్కినావే అంటే, ఎక్కకపోతే అందరూ నవ్వుతారని ఎక్కినాదంట. నీకు ముందే సెప్పిందంట గదా బావూ?”

“నాకు గుర్తు లేదమ్మా” అన్నాను.

ఆవిడ నా మొహం వైపు చూసింది. తట్ట సర్దుకుని మెట్లు దిగింది.

ఊరిపెద్దలు రామమందిరం అరుగు మీద కూర్చుని నన్ను పిలిపించారు. షెల్టరు ఖాళీ చెయ్యమంటారేమోనని నా భయం. మిగతా పిల్లల చదువు పాడవుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. సరదాకి అన్నదాన్ని పిల్ల వేరేగా అర్థం చేసుకుందని, అయినా కుర్రాణ్ణి ఇక్కడి నుంచి మార్చేస్తామని అరుగు మీద అందరూ వినేలా చెప్పాను. పెద్దలు తలూపారు. పిల్లదే తొందరపాటని ఊళ్లో నిలిచిపోయింది. కుర్రాణ్ణి పాతపట్నం దగ్గర మా ఇంకో కేంద్రానికి పంపాం. అక్కడా పిల్లలే ఉంటారు. ఆ సంగతి తెలిసే పంపాను.

అక్కడ ఇంకో పిల్ల ఒక ఆడ వాలంటీరుతో వాడి గురించి ఇలాంటి మాటే చెప్పింది. ఆవిడ నవ్వలేదు. ఆ పూటే సంస్థకూ పోలీసులకూ ఫోను చేసింది. కేసు నడిచింది, వాడికి శిక్ష పడింది. వాడి మీద ఇంతకుముందు ఏమైనా వచ్చిందా అని సంస్థవాళ్లు నన్ను అడిగారు. ఊరు మార్చిన సంగతి ఒప్పుకున్నాను. నన్ను బాధ్యతల నుంచి తప్పించారు, కొన్నాళ్ల తర్వాత మళ్లీ తీసుకున్నారు. మొదటి పిల్ల ముందే చెప్పిందా అన్నప్పుడు మాత్రం, “సమయానికి ఎవరికీ చెప్పలేదు” అన్నాను. ఊరు మార్చడాన్ని తెలివితక్కువ నిర్ణయం అనుకోవచ్చు. నవ్వడానికి ఏ పేరు పెట్టాలో నాకు తెలియలేదు. నా ఆ జవాబే శిక్షణలో కథయింది.

ఆ పిల్ల మళ్లీ బడికి వెళ్లలేదు. కొంచెం పెద్దయ్యాక రొయ్యల కంపెనీలో పనికి కుదిరిందని విన్నాను.

కేసు రోజుల్లో ఆ ఊళ్లో ఆగిపోయిన సాయంత్రం బడిని మొన్న వానల తర్వాత మళ్లీ తెరిచాం. అదే షెల్టరు, అదే మేడ. తల్లులందరినీ పిలిచి సమావేశం పెట్టాం. గది నిండింది, మెట్ల మీద కూడా కూర్చున్నారు. మైకు నా చేతికిచ్చారు. అలవాటు ప్రకారం కథ మొదలుపెట్టాను. ఊరి పేరు చెప్పలేదు. అది ఇదే ఊరు. అయినా నా నోరు ఆగలేదు, ఎన్నోసార్లు చెప్పిన కథ కాబట్టి దానంతటదే నడిచింది. “ఆ పిల్ల సమయానికి ఎవరికీ చెప్పలేదు” అన్నాను.

“సెప్పినాది సారూ.”

కిటికీ దగ్గర నుంచి వచ్చింది ఆ గొంతు. ఒక చిన్నపిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఉంది. గొంతు వినగానే పోల్చుకున్నాను. ఆ పిల్లే, పెద్దదయింది.

“ఎవులికీ సెప్పనేదంటన్నావు. సెప్పినాది. పక్కన గుంటలున్నారు. ఇప్పుడాల్లు తల్లులయిపోనారు, ఇక్కడే కూకున్నారు. అడుగు.”

గుమ్మం దగ్గర నిలబడ్డ ఒక పెద్దాయన కసిరాడు. “ఒసే, ఊరుకోయే. ఎప్పుడో అయిపోనాది గదా.”

“నీకయిపోనాది తాతా. ఈయన మైకట్టుకుని ఇంకా సెప్తన్నాడు గదా!”

ఎవరో కిసుక్కున నవ్వారు, వెంటనే ఆపుకున్నారు. అందరూ నా వైపు చూస్తున్నారు. తర్వాత మాట్లాడుకుందాం అనే మాట నోటిదాకా వచ్చింది. దాన్ని మింగాను.

“అవును, చెప్పింది. నాకే చెప్పింది. ఆ బండెక్కనని చెప్పింది. నేను నవ్వి, అందరిచేతా నవ్వించాను. వాళ్లమ్మ వచ్చి అడిగితే గుర్తు లేదన్నాను. నాకు గుర్తుంది. పిల్లే వేరేగా అర్థం చేసుకుందని మందిరం అరుగు మీద అన్నాను. అదీ అబద్ధమే” అన్నాను.

మెట్ల మీద నుంచి ఒక ఆడమనిషి లేచి నిలబడింది. వాళ్లమ్మ. జుట్టు బాగా నెరిసింది.

“ఇంకోపాలి సెప్పు బావూ. ఎనకాల ఇనబడనేదు.”

మైకు దగ్గరగా పెట్టుకుని మళ్లీ మొదటి నుంచి చెప్పాను. రెండోసారి చెప్పడం ఎక్కువ కష్టమైంది. ఆవిడ అంతా విని, గుమ్మం దగ్గరున్న పెద్దాయన వైపు తిరిగి, “ఇన్నావా మావా?” అంది. ఆయన తల దించుకున్నాడు. ఆయన ఆవిడకు నిజంగానే మావ వరస.

సమావేశం అయ్యాక ఆమె ఆ చిన్నపిల్లను తీసుకుని నా దగ్గరికి వచ్చింది. అక్క కూతురంట, బళ్లో చేర్చమంది. క్షమించమనబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

“నాకొద్దు సారూ. నా సదువెలాగూ పోనాది. దీని సంగతి సూడు.”

ఆ చిన్నది నన్ను కిందనుంచి పైదాకా చూసి, “ఈయన్నేటనాల పిన్నీ?” అని అడిగింది.

“సారను. అంతే.”

ఆమె వెళ్తూ వెళ్తూ ఆగింది. “బండి మీద దించక్కర్నేదు. నానొస్తాను.”

ఇప్పుడు అక్కడ ఎవరూ మావలు కారు, అత్తలు కారు. చీకటి పడ్డాక పిల్లలు గుంపుగా ఇళ్లకు వెళ్తారు, వీధి తల్లులు ఇద్దరు వెంట ఉంటారు. సార్ అంటున్నా గోడవారకు పోవడం లేదు. ముడుచుకునేలా చేసింది ఆ పిలుపు కాదేమో, మా చేతిలో బెత్తం ఉంటుందన్న భయమేమో. శిక్షణలో కథ మార్చాను. ఒక పిల్ల సమయానికే చెప్పిందని మొదలుపెడతాను, విన్నవాడు ఏం చేశాడో చెబుతాను, ఆ విన్నవాణ్ణి నేనేనని చెబుతాను. కొత్త కుర్రాళ్లు ఇబ్బందిగా కదులుతారు. కదలనిస్తాను.

రొయ్యల కంపెనీ వ్యాను దిగి ఆమె రోజూ తిన్నగా షెల్టరుకు వస్తుంది. బడి విడిచేదాకా మెట్ల మీద మధ్యలో కూర్చుంటుంది. లోపలికి వచ్చి కూర్చోమని ఒకసారి పిలిచాను. “ఇక్కడ బాగున్నాది” అంది. ఆ మెట్టు మీద నుంచి లోపలున్న పిల్లలూ కనబడతారు, కింద ఆపిన బళ్లూ కనబడతాయి.