ఉప్పు కాలువ పడవకి పంకా కట్టిన రోజులు

క్రిందటి నెలలో టెక్కలి వైపు ఒక పెళ్ళికి వెళ్ళి వస్తూంటే, దారిలో వంతెన మరమ్మతు జరుగుతోందని మా బస్సును అరగంటసేపు నిలిపేశారు. కిటికీలోంచి కిందికి చూస్తే కాలువ కనిపించింది. కాలువ అనడం నా పాత అలవాటు గాని, అక్కడ ఏపుగా పెరిగిన తుంగ, మధ్యలో సన్నని నీటి చార, ఎవరో విసిరేసిన ప్లాస్టిక్ సీసాలు తప్ప మరేమీ లేవు. పక్కన కూర్చున్న కుర్రాడు నన్నే చూస్తున్నాడు కాబోలు, "ఏటి తాతా, ఆ గెడ్డలో ఏటున్నాదని అలా సూస్తన్నావు?" అన్నాడు. ఈ నీటి మీద నేను ఇంజను పడవ నడిపాను నాయనా అని చెప్పబోయి, చెబితే మిగతాదంతా చెప్పాల్సి వస్తుందని ఊరుకున్నాను. ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ చెప్పని మాటే మనసులో మెదులుతోంది. నా ఈడువాళ్ళైతే ఓపికగా వింటారన్న ధైర్యంతో ఇప్పుడు రాస్తున్నాను.

అరవైల చివర నాకు ఇరవై మూడేళ్ళు. ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్ పని నేర్చుకుని, విజయనగరం దగ్గర ఒక జనపనార మిల్లులో రెండేళ్ళు ఫిట్టరుగా చేసి, ఆ మిల్లు కొన్నాళ్ళు మూతపడితే ఏమీ తోచక మా మేనమామ ఊరికి వచ్చి పడ్డాను. సముద్రానికి దగ్గరగా, ఉప్పు మడుల మధ్య ఉండేది ఆ ఊరు. రోడ్డు లేదు. గట్ల మీద నడవాలి, లేదా పడవ ఎక్కాలి. సముద్రపు పోటూ పాటూ తగిలే ఆ కాలువలో ఏడు మైళ్ళు పైకి వెళితే రైలుకట్ట పక్కన రేవు, రేవు నుంచి ఎడ్లబండి మీద వెళితే మిషన్ ఆసుపత్రి. మా మావకి ఒక పెద్ద నాటుపడవ ఉండేది. ఎండాకాలమంతా ఉప్పు బస్తాలు మోసేది, మిగిలిన రోజుల్లో మనుషుల్ని. పోటు వేళ నీరు తనంతట తానే పైకి పోతుంది గనుక గెడ వేసి తోస్తే చాలు. నీరు సముద్రానికి దిగిపోయే పాటు వేళ ఎదురు వెళ్ళాలంటే మాత్రం నలుగురు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు కట్టి లాగేవారు. నలభై ఏళ్ళుగా అలాగే నడుస్తోంది.

చదువుకున్న మేనల్లుణ్ణి నేను ఇంట్లో ఉండగా మనుషులు ఎడ్లలా పడవ లాగడమేమిటనిపించింది. తోటకి నీళ్ళు తోడడానికి తెచ్చి వాడకుండా పడేసిన అయిదు హార్సుపవరు డీజిల్ ఇంజను ఒకటి మావకి తెలిసిన రైతు దగ్గర ఉంటే అడిగి తెచ్చాం. ఆ ఇంజను నిమిషానికి పదిహేను వందల చుట్లు తిరుగుతుంది. దాని ఇరుసుకే నేరుగా షాఫ్టు బిగించి, షాఫ్టు చివర పది అంగుళాల పంకా తగిలించాను. ప్రొపెల్లరు అని నేను ఎంత చెప్పినా అక్కడివాళ్ళందరికీ అది పంకాయే, చివరికి నాకూ పంకాయే అయింది. నడుమ గేరుబాక్సు ఉండాలని మిల్లులో నాతో పనిచేసిన ఒక పెద్ద ఫిట్టరు ముందే హెచ్చరించాడు. ఇంజను తిరిగే వేగాన్ని తగ్గించడానికి ఇంకో ఇనప పెట్టె మొయ్యడం దేనికని నేను నవ్వేశాను. వయసు అలాంటిది. వేగంగా తిరిగేదే బలమైనదని అనుకునేవాణ్ణి.

మొదటిసారి నడిపిన రోజు ఊరు ఊరంతా గట్టు మీదికి చేరింది. ఖాళీ పడవ, పోటు నీరు, వెనకనుంచి గాలి. పడవ బాణంలా పోయింది. మావ చుక్కాని పట్టుకుని ముందుకే చూస్తున్నాడు గాని ముఖంలో సంతోషం దాగడం లేదు. ఆ వారమే నా మరదలు, అంటే మావ కూతురు, తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చి ఉంది. నిండు కడుపుతో రేవు మెట్టు మీద కూర్చుని, "బావా, రైలింజను తెచ్చి నీళ్ళల్లో యేసినావేటి!" అని పెద్దగా నవ్వింది. సరుకు నింపి నడిపి చూడాలి, పాటుకి ఎదురు నడిపి చూడాలి అనుకున్నాను, వచ్చే వారం చూద్దాంలే అని వాయిదా వేశాను. ఆ వాయిదాని నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

నాలుగో రోజు పొద్దున్నే ఆమెకి నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని చూసి, బిడ్డ అడ్డం తిరిగిందనీ, తన వల్ల కాదనీ, వెంటనే ఆసుపత్రికి తీసుకుపొమ్మనీ చెప్పింది. అప్పటికి పాటు మొదలై గంటయింది. మావ తాడు భుజాన వేసుకుని, ఉప్పు మడుల్లో పనికి పోతున్న నలుగురిని కేక వేసి పిలిచాడు. నేనే అడ్డుపడ్డాను. ఇంజనుండగా తాడెందుకు మావా, గంటలో రేవులో ఉంటాం అన్నాను. మావ నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, చదువుకున్నవాడి మాట కదా అనుకున్నాడేమో, తాడు పడవలో పడేసి ఆ నలుగురినీ పనికి పొమ్మన్నాడు.

మరదల్ని మంచంతో సహా పడవలోకి ఎక్కించాం. అత్త, మంత్రసాని, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు, సామాను, అంతా కలిసి పడవ బాగా దిగింది. ఇంజను తిప్పాను. అది అరిచింది, వణికింది, నల్లని పొగ కక్కింది. వెనక నీరంతా తెల్లటి నురగైపోయింది. పడవ మాత్రం కదిలీ కదలనట్టుంది. గట్టు మీద ఒక తాటిచెట్టుని గుర్తు పెట్టుకుని చూస్తున్నాను, ఎంతసేపటికీ ఆ చెట్టు మా పక్కనే ఉంది. చిన్న పంకా ఎదురు నీటిని పట్టుకోలేక ఊరికే చిలుకుతోందని నాకు అప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం? మరి కాస్త ముందుకి పోతే దారి పట్టుకుంటుందని ఆశపడుతూ ఇంజను వేగం పెంచాను. రెండు మైళ్ళకి గంటన్నర పట్టింది. మొదటి మలుపులో నాచు పంకాకి చుట్టుకుని ఇంజను ఆగిపోయింది.

మరదలి మూలుగు ఒక్కటే వినిపిస్తోంది. మావ తాడు అందుకుని గట్టు మీదికి దూకాడు, నేను దూకాను. ఇద్దరమూ అయిదు మైళ్ళు లాగాం. నలుగురు లాగే పడవని ఇద్దరు లాగితే ఎలా ఉంటుందో మా భుజాల మీద తోలే చెప్పింది. మేము ఆసుపత్రికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. డాక్టరమ్మ తల్లిని దక్కించింది. మగబిడ్డ దక్కలేదు. రెండు గంటల ముందు తెచ్చి ఉంటే అని ఆమె అనబోయి, మా ఇద్దరి భుజాలు చూసి ఆగిపోయింది.

ఆ తరువాత నేను ఊళ్ళో ఎలా తిరిగానో నాకే తెలియదు. మావ కొడతాడనుకున్నాను, పొమ్మంటాడనుకున్నాను. కొట్టినా పొమ్మన్నా కాస్త తేలికపడి ఉండేవాణ్ణి. అత్త అన్నం వడ్డించేది గాని నాతో మాట్లాడడం మానేసింది. పదకొండు రోజులు గడిచాక ఒక సాయంత్రం, నేను పడవలోంచి ఇంజను విప్పేస్తూంటే మావ వచ్చి పక్కన కూర్చున్నాడు. చాలాసేపు ఆ పది అంగుళాల పంకాని చేత్తో తిప్పి చూస్తూ కూర్చుని, "నీ ఇంజను ఉరుకుతాది గాని లాగదురా," అన్నాడు. నేను నట్లు విప్పుతూనే ఉన్నాను. అప్పుడు ఆయన నెమ్మదిగా, "లాగేది తేగలవేటి?" అని అడిగాడు.

ఆ ప్రశ్న పట్టుకునే నేను విశాఖపట్నం వెళ్ళాను. అక్కడి రేవులో చేపల మరపడవలు బాగుచేసే ముసలి మేస్త్రీ ఒకాయన ఉన్నాడని విని, వెతుక్కుంటూ వెళ్ళి, మంచి పంకా, గేరుబాక్సు కావాలన్నాను. ఆయన బీడీ ఆర్పి, "పడవ బరువెంతున్నాది? నిండా సరుకెడితే ఎంత మునుగుతాది? పాటప్పుడు మీ కాలవలో నీళ్ళెంతుంటాయి?" అన్నాడు. నాకు ఒక్కటీ తెలియదు. ఇంజను ఎంత వేగంగా తిరుగుతుందో మాత్రం చెప్పగలిగాను. "ఇంజను సంగతి నానడగనేదు. ఎల్లి పడవనడిగి రా," అని మళ్ళీ పనిలో పడ్డాడు.

తిరిగి వచ్చి మావనడిగాను. మూడు వారాలపాటు ఇద్దరమూ వెదురు గెడకి గాట్లు పెట్టుకుని ఏడు మైళ్ళ కాలువనీ కొలిచాం. పోటులో ఒకసారి, పాటులో ఒకసారి, ప్రతి మలుపులోనూ. పడవ ఖాళీగా ఉంటే మూరెడు లోపే మునిగేది, బస్తాలు నింపితే రెండడుగులకి పైనే దిగేది. రెండో మలుపు దగ్గర పాటు వేళ నడుము లోతు నీళ్ళే ఉండేవి. నేను కాగితం మీద రాసుకునేవాణ్ణి, మావ రాయకుండానే గుర్తు పెట్టుకునేవాడు. మొదట్లో మా మధ్య మాటలు ఉండేవి కావు, పోను పోను అంకెలతో మొదలై మాటలు వచ్చాయి.

ఆ లెక్కలు చూసి మేస్త్రీ మమ్మల్ని దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. ఈసారి మావ కూడా నా వెంట వచ్చాడు. రెండు గేరుబాక్సులు ముందు పెట్టాడు. ఒకటి ఇంజను మూడు చుట్లు తిరిగితే పంకాని ఒక్క చుట్టు తిప్పేది, దానికి ఇరవై అంగుళాల పంకా కావాలి. రెండోది రెండు చుట్లకి ఒకటి తిప్పేది, దానికి పదహారు అంగుళాలు. పెద్ద పంకా నెమ్మదిగా తిరుగుతూ ఎక్కువ నీటిని పట్టుకుని తోస్తుందని నాకు అప్పటికి బోధపడింది గనుక, దెబ్బ తిన్నవాడి ఆత్రంతో ఆ ఇరవై అంగుళాల దాని మీదికే పోయాను. మావ దాని పక్కన తన గెడ నిలబెట్టి, రెండో మలుపు గాటు చూపించి, "ఇది బురదలో దిగిపోతాది. ఖాళీగా వస్తే సగం గాల్లో ఉంటాది," అన్నాడు. మేస్త్రీ మావ వంక చూసి, ఈయన్ని ముందే తీసుకురావలసింది అన్నట్టు నా వంక చూశాడు. రెండుకి ఒకటి గేరుబాక్సు, వెడల్పాటి రెక్కల పదహారు అంగుళాల పంకా తీసుకున్నాం. గేరు మార్చితే పంకా వెనక్కి తిరిగే ఏర్పాటు కూడా అందులో ఉంది. నాచు చుట్టుకుంటే కాసేపు వెనక్కి తిప్పితే చాలావరకు విడిపోతుందనీ, మలుపులో పడవని ఆపడానికి అదే బ్రేకనీ చెప్పాడు. ఖాళీగా వచ్చేటప్పుడు వెనక భాగాన రెండు ఇసుక బస్తాలు వేసుకోండి, పంకా నీళ్ళల్లోనే ఉంటుందన్నాడు.

ఈసారి నేను ఎవరినీ గట్టు మీదికి పిలవలేదు. నిండా ఉప్పు నింపి, పాటు బలంగా ఉన్న వేళ చూసి, తాడు లాగే నలుగురినీ పడవలోనే కూర్చోబెట్టుకుని బయలుదేరాం. ఇంజను అరవలేదు, బరువు ఎత్తుకున్న మనిషిలా గుక్క తిప్పుకుంటూ సాగింది. పడవ వేగం మనిషి చురుగ్గా నడిచే నడకకి మించదు. గట్లని కోసేసే అలలు కూడా లేవు, ఉప్పు మడులవాళ్ళు దానికి ఎంతో సంతోషించారు. ఆ తాటిచెట్టు దగ్గరికి వచ్చినప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి అది వెనక ఉంది.

నాలుగు నెలల తరువాత ఒక చాకలి ఇల్లాలికి పురిటి నొప్పులు గట్టిగా వస్తే, పాటుకి ఎదురే, రెండు గంటల్లో రేవుకి చేర్చాం. సాయంత్రానికి నేను తిరిగి వచ్చి కాళ్ళు కడుక్కుంటూంటే అత్త చెంబు పట్టుకుని వచ్చి నిలబడి, "ఇద్దరూ బాగున్నారేటి?" అని అడిగింది. అన్ని నెలల్లో ఆమె నాతో అన్న మొదటి మాట అది. బాగున్నారత్తా అన్నాను. ఆమె చెంబు అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. లోపల ఏడుస్తున్న చప్పుడు విని కూడా నేను వెళ్ళలేకపోయాను.

మరుసటి ఏడాది మరదలికి మళ్ళీ కాన్పు. ఆమె అత్తవారు పట్నంలోనే ఉంచుకుంటామన్నారు. ఆమె ఒప్పుకోలేదు. నెలలు నిండకముందే పుట్టింటికి వచ్చి, అక్కడినుంచి ఆసుపత్రికి మా పడవలోనే వెళ్ళింది. నేను ఇంజను దగ్గర తల వంచుకుని కూర్చుంటే, "ఇలా సూడు బావా, నాను నీ ఇంజను కాడే కూకుంటాను," అని వచ్చి గేరుబాక్సు పక్కన పీట వేసుకుంది. దారి పొడవునా అది చేసే చప్పుడు వింటూ, చేతులు రెండూ పొట్ట మీద పెట్టుకుని కూర్చుంది. ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లే ఇప్పుడు అరసవల్లిలో స్కూలు టీచరు, రిటైరయ్యే రోజులు దగ్గర పడ్డాయి.

ఆ పడవ ఇంకో పన్నెండేళ్ళు నడిచింది. తరువాత రోడ్డు వచ్చింది. నొప్పులు పడుతున్న ఒక ఇల్లాలిని తీసుకుపోవడానికి తొలిసారి జీపు మా ఊళ్ళోకి వచ్చిన రోజు, మావ గట్టు మీద నిలబడి అది కనుమరుగయ్యేదాకా చూశాడు. "ఎంత బేగి ఎల్పోనాదో సూడరా," అన్నాడు. ఆ తరువాత కాలువలోకి దిగి ముఖం కడుక్కుని చాలాసేపు నీళ్ళల్లోనే నిలబడ్డాడు. ఆయన ఏం తలుచుకుంటున్నాడో నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకీ తెలుసు.

పాత రోజులే మంచివని నా ఈడువాళ్ళు అంటూంటే నేను గొంతు కలపలేను. ఆ రోడ్డు ముందే ఉండి ఉంటే ఒక పసివాడు బతికేవాడు, ఈపాటికి వాడికీ తల నెరిసి ఉండేది. అంబులెన్సు ఇరవై నిమిషాల్లో వస్తోందంటే నా అంత సంతోషించేవాడు లేడు. కాలువ పూడిపోయినా, పడవ కట్టెలైపోయినా నాకు పెద్ద దిగులు లేదు. కాని తన బిడ్డ కడుపు కోతకి కారణమైనవాడి పక్కన వచ్చి కూర్చుని, వాడి చేతికే మళ్ళీ పని అప్పగించిన మనిషి లాంటివాడు, ఇన్నేళ్ళలో ఎన్ని రోడ్ల మీద తిరిగినా, నాకు ఇంకొకడు ఎదురు కాలేదు.