ఎలుగుబంటి పులుసు

నా చిన్నప్పుడు మా నాయనమ్మ వండని జంతువు లేదు. వండడమంటే నోటితోనే లెండి. ఇంట్లో జొన్న గట్క తప్ప ఇంకేమీ లేని పూటల్లో ఏనుగు తలకాయ కూర ఎలా చేయాలో చెప్పేది. మూడు బండ్ల ఉప్పు, ఒక తోట మిరపకాయలు, కలపడానికి తాటి మొద్దు కావాలి. అది ఉడికేసరికి పొయ్యి వెలిగించినవాళ్ల మనవలకు పళ్లూడిపోతాయి. గోదావరి మొసలి వేపుడుకైతే మొసలినే బతిమాలి తోక దగ్గర మెత్తటి ముక్క అడిగి తెచ్చుకోవాలట. నేనూ నా చెల్లెళ్లిద్దరూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం. ఉత్త గట్క ఎప్పుడు తినేశామో తెలిసేది కాదు.

మాది దమ్మపేట అవతల, అడవిని ఆనుకుని ఉన్న చిన్న పల్లె. ఎండలు ముదురుతుండగా ఇప్పపూలు రాలతాయి. ఏ కుటుంబం చెట్లు ఆ కుటుంబానివి. మా చెట్టు అందరికంటే దూరాన, వాగు పక్కన ఉండేది. తెల్లవారకముందే వెళ్లి పూలు ఏరుకోవాలి. ఆ పూలంటే ఎలుగుబంటికీ ప్రాణం. తల దించుకుని తింటున్నప్పుడు దానికి మనిషి అలికిడి తెలియదు, ఉలిక్కిపడిందంటే మీద పడుతుంది. అందుకే ఏరేవాళ్ల వెంట ఒకరు పాత రేకు డబ్బా వాయిస్తూ పోవాలి. మా ఇంట్లో ఆ పని నాది. పూలు రాలే ఆ రోజుల్లో ఎలుగుబంటి పేరు ఎవరూ పైకి అనేవారు కాదు. పేరు పెట్టి పిలిస్తే వస్తుందని భయపడి ‘నల్లోడు’ అనేవాళ్లం.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఒకరోజు లేవబుద్ధి కాక కడుపు నొస్తోందని అబద్ధమాడాను. అమ్మ నా పొట్ట మీద చేయి వేసి చూసి, “పండుకో బిడ్డా” అని దుప్పటి కప్పి, గంప తీసుకుని ఒక్కతే వెళ్లింది. డబ్బా నా తల దగ్గరే ఉండిపోయింది. నేను హాయిగా నిద్రపోయాను. ఆ నిద్ర తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పొద్దెక్కింది. అందరూ గంపలతో ఇళ్లకు చేరారు, అమ్మ రాలేదు. వాగు వైపు కేక వినబడిందని పక్కింటి అక్క వచ్చి నాయనమ్మతో గుసగుసగా చెప్పడం నా చెవిన పడింది. నాన్న, మరో నలుగురు మగవాళ్లు గొడ్డళ్లు, డప్పు పట్టుకుని అడవిలోకి పరుగెత్తారు. డప్పు మోత దూరమవుతూ దూరమవుతూ ఒక్కసారిగా ఆగిపోయింది. ఊళ్లో కుక్క కూడా మొరగలేదు.

నాయనమ్మ కాసేపు అడవి వైపు చూసి మా దగ్గరికి వచ్చింది. “ఇయ్యాల ఎలుగుబంటి పులుసు వండుదాం” అంది. ఆ పేరు ఆమె నోట వినగానే నా ఒళ్లు జలదరించింది. చెల్లెళ్లు మాత్రం అప్పుడే నవ్వు మొదలుపెట్టారు.

“గంత పెద్దదానికి ఏ గిన్నె సరిపోతదే నాయనమ్మా?” అంది చిన్న చెల్లి.

“అందుకే పెద్ద గుండిగ ఎక్కియ్యాలె. నీళ్లు సలసల కాగాలె. లేకుంటే దాని బొచ్చు ఊడదు.”

చిన్నదాని చేత పొయ్యిలోకి కట్టెలు తోయించింది. పెద్ద చెల్లిని పెరట్లోంచి వేపాకు దూసుకురమ్మంది. తేనె తాగీ తాగీ ఎలుగుకు ఒళ్లంతా తీపి పట్టి ఉంటుందట, చేదు వేస్తేగాని రుచి రాదట. తను దాచుకున్న మెత్తటి నూలు చీర పెట్టెలోంచి తీసి పొడుగ్గా చింపసాగింది. నాలుగు కాళ్లూ కట్టకపోతే ఉడుకుతూ ఉడుకుతూ లేచి పారిపోతుందట. నా ముందు పసుపు కొమ్ములు పోసింది.

“గంత నల్లటిది పచ్చగ కావాలంటే దోసెడు పసుపు పట్టాలె. మెత్తగ నూరు, పలుకు తగలద్దు.”

నేను నూరుతూ కూర్చున్నాను. నాయనమ్మ మధ్యలో మాట మరిచిపోయి గుమ్మం వైపు చూసేది. మళ్లీ తేరుకుని, ముక్కు ఎవరికి, చెవులు ఎవరికి అని వాటాలు వేసేది. ఒకసారి చింపిన పేలికనే ఆమె మళ్లీ చింపబోవడం చూశాను. నేను చూసినట్టు ఆమెకూ తెలిసింది. “నన్నేం జూస్తవ్, నూరు” అంది.

వేపాకు వేసి కాచిన నీళ్లు గంగాళంలోకి వంపి చల్లారబెడుతుండగా అమ్మను మంచం మీద మోసుకొచ్చారు. కుడి భుజం చీలిపోయి ఉంది. కట్టుకున్న చీర రంగేమిటో తెలియడం లేదు. ఆడవాళ్లు గొల్లుమన్నారు. నాయనమ్మ ఏడవలేదు. ఆ నీళ్లతో గాయం కడిగింది, నేను నూరిన పసుపు అద్దింది, చీర పేలికలతో బిగించి కట్టింది. దేనికోసమూ వెతుక్కోవలసిన పని పడలేదు. పొద్దుటి నుంచి మేం వండుతున్నది ఏమిటో నాకప్పుడు అర్థమైంది. బండి కట్టి దవాఖానాకు తీసుకెళ్తే, కట్టు లేకుండా ఇంత దూరం తెచ్చి ఉంటే మనిషి దక్కేది కాదని డాక్టరు అన్నాడట.

అమ్మ బతికింది. కానీ ఆ చేయి మళ్లీ పైకి లేవలేదు. నేను పెళ్లయి వెళ్లేదాకా రోజూ నేనే ఆమెకు తల దువ్వి ముడి వేశాను. నా బిడ్డ బంగారం అని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పుకునేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఎక్కడికైనా పారిపోవాలనిపించేది.

ఒకరోజు ఓర్చుకోలేక నాయనమ్మ దగ్గర బయటపడ్డాను, ఆనాటి కడుపునొప్పి అబద్ధమని. ఆమె విస్తరాకులు కుడుతోంది. తల ఎత్తలేదు.

“నాకు ఎర్కనే బిడ్డా. కడుపు నొచ్చేటోళ్లు గట్ల గురక పెడ్తరా? అందుకే పసుపు నీకిచ్చిన. మీ అమ్మ పుండు మీద నీ కష్టం పడాలని.”

నాకిప్పుడు డెబ్బై దాటాయి. ఇంట్లో ఆపద వచ్చిన రోజున ముందు పిల్లల చేతికి పని ఇస్తాను. వాళ్లలో తప్పు చేసి బిక్కచచ్చిన ముఖం కనబడితే అసలైన పని ఆ పిల్లకే ఇస్తాను. అది నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాను. అమ్మకు నిజం చెప్పడం మాత్రం నాకు చేతకాలేదు. ఆమె పోయిన రోజున స్నానం చేయించి, ఆఖరిసారి తల దువ్వింది కూడా నేనే. చెవి దగ్గరికి వంగాను గానీ, అప్పుడు కూడా నోరు రాలేదు.