లేడీస్ పీజీకి ఉయ్యాల కొక్కేలు

ఆడపిల్లల పీజీని ఒక్క నోటుపుస్తకంతో ప్రసూతి ఆసుపత్రిగా మార్చబోయిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే.

అప్పటికి నాకు నలభై రెండేళ్లు. ఫోనులో వీడియోలు చూస్తూ, జనాభా లెక్కలు కట్టడం నాకు నేనే నేర్చుకుంటున్నాను. జనాన్ని వయసులవారీగా విడదీసి, ఐదేళ్లకొక మెట్టు చొప్పున పైకెక్కిస్తే రేపటి ఊరు కనిపిస్తుందట. మూడో పాఠానికే నాకు భవిష్యత్తు చేతిగడియారమంత దగ్గరగా కనిపించసాగింది.

మడివాళలో మా అక్క లేడీస్ పీజీ, అంటే ఉద్యోగాలు చేసే ఆడపిల్లలు అద్దెకుండే హాస్టలు, నడుపుతుంది. ఎదురుగా అద్దాల కిటికీలతో కొత్త పీజీ లేచేసరికి, పోటీకి తనూ పైన ఇంకో అంతస్తు వేయిస్తోంది. అది నిండకపోతే మొత్తానికే తాళం.

"పైన ఏం మంచాలు వేయించల్లరా?" అని అడిగింది.

అడిగింది నన్ను! వెంటనే కింద ఉంటున్న అమ్మాయిల వయసులన్నీ మంచం నంబర్ల వారీగా రాసుకున్నాను. అందరికీ ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు.

"అక్కా, ఐదేళ్లలో వీళ్లంతా ముప్పైకి దగ్గరపడతారు. పెళ్లిళ్లవుతాయి, పిల్లలు పుడతారు. కాబట్టి ఒకరిమీద ఒకరు పడుకునే ఇనుప మంచాలు వద్దు. వెడల్పు మంచాలు వేయించు. పైకప్పుకు ఉయ్యాల కొక్కేలు పెట్టించు."

"లేడీస్ పీజీలో ఉయ్యాలేందిరా?"

"నేను చెప్పడంలేదక్కా, లెక్క చెప్తా ఉండాది."

"మరి మొగుళ్లు యాడ ఉంటారప్పా?"

"అది తర్వాతి పాఠంలో వస్తుంది."

పాపం, నమ్మింది. చిన్నప్పుడు ఇరవయ్యో ఎక్కం తప్పులేకుండా అప్పజెప్పిన తమ్ముణ్ణి కదా! ఆలు లేదు, చూలు లేదు, ఉయ్యాలకు మాత్రం ఆరు కొక్కేలు.

ఏడాది తిరిగింది. కొత్తగా ఉద్యోగాల్లో చేరేవాళ్లు ఊళ్లోకి దిగే రోజులు. పై అంతస్తు తెరిచే పొద్దున, నా లెక్క ఎంత నిజమైందో చూద్దామని అదే నోటుపుస్తకంతో టిఫిన్ వేళకు వెళ్లాను.

"ఏడో మంచం ఎవరిదమ్మా? నీ వయసెంత?"

"ట్వెంటీ త్రీ అంకుల్."

"నిరుడూ ఇరవై మూడే రాసి ఉంది. ఏడాదిలో ఒక్క ఏడైనా పెరగలేదా? దాచకమ్మా, ఇది శాస్త్రం."

"నిరుడు నేను గుంటూర్లో కాలేజీలో ఉన్నానంకుల్!"

అక్క చేతిలో చట్నీ గరిటె ఆగిపోయింది. "రేయ్, ఆ అమ్మి పెండ్లి చేసుకొని సర్జాపురకు పోయి ఎనిమిది నెలలాయె. ఈ అమ్మి కొత్తగా వచ్చింది. నువ్వు మంచానికి వయసు రాస్తా ఉండావా?"

లోకంలో ఎవరు పట్టిన కుందేలుకైనా మూడు కాళ్లుంటాయి. నేను పట్టినదానికి రెండే: పుట్టుక, చావు. వలస అనే మూడో కాలు నా పుస్తకంలోకి రానేలేదు.

అంతలో గేటు ముందు సూట్‌కేసులతో పద్దెనిమిది మంది అమ్మాయిలు. పైన మంచాలు ఆరు! నా ముఖం మాడిన దోసెలా అయింది. పన్నెండు మంది రోడ్డు దాటి అద్దాల పీజీలోకి పోవడం నా కళ్లకు ముందే కనిపించింది. నేను వేసిన అంచనాల్లో అదొక్కటే నిజమయ్యేలా ఉంది.

"వారం రోజులు సర్దుకుంటారామ్మా? ఇనుప మంచాలు తెప్పిస్తాను," అంది అక్క, వేడి ఇడ్లీల పళ్లెం ముందుకు తోస్తూ.

అమ్మాయిలు పైకెక్కి గదుల్లోకి తొంగిచూశారు. కొక్కేలు చూసి ఇవెందుకని అడిగారు. అక్క దాచకుండా మొత్తం చెప్పింది. పద్దెనిమిది మందీ నన్ను చూసి నవ్విన నవ్వుకు ఎదురు పీజీ అద్దాలు అదిరుంటాయి. ఒక్కరూ రోడ్డు దాటలేదు. వెడల్పు మంచాలమీద అడ్డంగా ముగ్గురేసి సర్దుకున్నారు. కొక్కేలకు ల్యాప్‌టాప్ సంచులు ఊగాయి.

"తప్పయిపోయిందక్కా," అన్నాను.

"పోనీలేరా, అంతస్తయితే నిండింది కదా. నేను పెండ్లయి కదిరి నుంచి ఈ ఊరొచ్చినదాన్ని. నువ్వు నా వెనకాలే ట్రంకుపెట్టె ఎత్తుకొని వచ్చినోడివి. మనుషులు ఊర్లు మారతారని నీకు వీడియోలో చెప్పల్లనా?"

అందుకే సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట వచ్చేవాళ్లెవరో, పోయేవాళ్లెవరో గేటు దగ్గర నిలబడి కళ్లారా చూడనిదే ఏ జనాభానూ ముందుకు లెక్కకట్టను. మాట తప్పితే, మా అక్క నాకు నెలరోజులపాటు పీజీ సాంబారే పోయుగాక!