తొంభై ఎంబీల బాబాయి

శివరాత్రి దగ్గర పడుతుండగా, నరసరావుపేటలోని నా ఫ్లెక్సీ షాపుకి మా ఊరి బాబాయి పిన్నిని వెంటబెట్టుకుని వచ్చాడు. కోటప్పకొండ తిరనాళ్ళకి వెళ్ళే దారిలో ఆయన నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించాలి. దానికోసం మంచి ఫొటో ముందే పంపాడు. ఇప్పుడది వద్దట. తను మీటింగులో మాట్లాడిన వీడియోలోంచి బొమ్మ తీసి వెయ్యాలట.

"ఫొటో అయితేనే బాగా వస్తది బాబాయ్," అన్నాను.

"ఫొటో మూడు ఎంబీ, వీడియో తొంభై ఎంబీ. ఏది బాగా వస్తదో నాకు చెబుతావేందిరా?"

ఆయన జన్మంతా మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, కాటా వేయించిన మనిషి. ఎంత బరువుంటే అంత సరుకు. నాకు ఒళ్ళు మండింది. జేపీజీ ఫొటోలో ఆ మూడు ఎంబీలూ ఒక్క బొమ్మకే దక్కుతాయని, ఎంపీఫోర్ వీడియోలో ఆ తొంభైనీ వేల బొమ్మలు పంచుకుంటాయని, ఒక్కోదానికి వచ్చేది చిటికెడేనని చెప్పాను. వినలేదు. సరే చూడమని వీడియోను ఆపి ఆపి నడిపాను. ఒకచోట కళ్ళు మూతపడ్డాయి. ఇంకోచోట కొండనాలుక కూడా కనపడింది. ఊపిన చెయ్యి ఎక్కడికక్కడ మసకే.

"ఇంకాస్త ముందుకు పోనియ్," అంటూనే ఉన్నాడు.

చివరికి, ఎవరో మైకు సరిచేస్తుంటే ఆయన పెదవులు బిగించి ఎదురుచూస్తున్న బొమ్మ దొరికింది. కాస్త మసకే గాని, నిజంగానే బాగున్నాడు.

అప్పటిదాకా స్టూలు మీద కూర్చున్న పిన్ని లేచొచ్చి తెరలోకి తొంగిచూసింది.

"నోరు మూసుకుంటే మీ బాబాయి చానా బాగుంటాడు. రెండు ఫ్లెక్సీలు వెయ్యి నాయనా, ఒకటి ఇంట్లో కడతా."