అందరూ నవ్విన ఘట్టం

రిటైరై ఏళ్లు గడిచినా ఆవిడ అందరికీ లైబ్రరీ అత్తయ్యే. ఆదివారం సాయంత్రాలు లైబ్రరీ గదిలో కూర్చుని, ముక్కు మీదికి జారే కళ్లజోడును చిటికెనవేలితో పైకి తోసుకుంటూ, వచ్చినవాళ్లకు నవలలు చదివి వినిపిస్తుంది. వాటిలో ఆమెకు బాగా ఇష్టమైనది ఒక ఊహాదేశం కథ. అక్కడ ఎవరు ప్రభువును తిడుతున్నారో కనిపెట్టడానికి పక్కింటివాళ్లు గోడకు చెవులు ఆనించి వింటుంటారు. వెనకటి రోజుల్లో ఆ ఘట్టం రాగానే గది గదంతా పడీపడీ నవ్వేది. ఆమె భర్తయితే లేచి గోడకు చెవి ఆనించి నటించి చూపేవాడు. ఆయన పోయాక ఆ నవ్వులు మళ్లీ వినాలనిపించి, పోయిన ఆదివారం అదే పుస్తకం తీసింది. ఆ ఘట్టం వచ్చింది గానీ ఎవరూ నవ్వలేదు. మొదట్నుంచీ వినడానికి వచ్చే టైలరు లేచి కిటికీ మూశాడు.

“గాలాడదు కదయ్యా, ఎందుకు మూశావు?”

“కాస్త మెల్లగా చదవండి అత్తయ్యా. టీకొట్టు దగ్గర సర్కారు మీద ఏదో అన్నారని మా వీధి మాస్టారిని పోలీసులు తీసుకెళ్లారు.”

“ఒకప్పుడు కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది నువ్వే కదయ్యా?”

“అప్పుడది కథ అత్తయ్యా.”

ఆమె పేజీలో వేలు పెట్టుకుని పుస్తకం మూసింది. తర్వాత లేచి కిటికీ తెరిచి, ఆపిన వాక్యం దగ్గర్నుంచే, ఎప్పటి గొంతుతోనే చదవసాగింది. టైలరు వెళ్లిపోలేదు. కుర్చీని ఆమె దగ్గరికి జరుపుకున్నాడు.